లిటరల్లీ అని మెయిల్లో రాసి ఇరుక్కుపోయా, అసలు ఆ మాటకి అర్థం ఏంటండీ?

సర్వర్‌గోల:
అందరికీ నమస్తే. చిన్న డౌటే, కానీ దాని పుణ్యమా అని నిన్న రాత్రి నాకు నిద్ర లేదు. వేరే దేశంలో ఉన్న ఒక క్లయింటు సర్వర్లు చూసుకోవడం మా పని. నిన్న సాయంత్రం ఒక్కసారిగా ట్రాఫిక్ పెరిగి ఒకదాని వెనక ఒకటి పడిపోవడం మొదలైంది. ఆ టెన్షన్లో నేను అవతలి వాళ్ళకి మెయిల్ కొడుతూ "అవర్ సర్వర్స్ ఆర్ లిటరల్లీ ఆన్ ఫైర్" అని రాసేశా. రెండు నిమిషాల్లో జవాబు వచ్చింది. "లోపల ఎవరైనా ఉన్నారా? అందరూ బయటికి వచ్చేశారా? ఫైర్ సర్వీస్‌కి చెప్పారా?" అని. ముందు నన్ను ఆటపట్టిస్తున్నారు అనుకున్నా. తీరా చూస్తే సీసీలో వాళ్ళ సెక్యూరిటీ హెడ్డు, ఇంకో ఇద్దరు పెద్ద తలకాయలు.

"మంటలేం లేవండీ, మాటవరసకి అన్నాను" అని ఇంగ్లీషులో ఎలా చెప్పాలో తెలియక, రాసి చెరిపి, రాసి చెరిపి, చివరికి "నో ఫైర్. సారీ" అని రెండే ముక్కలు పంపా.

పొద్దున మేనేజర్ పిలిచి "నిజంగా జరిగితేనే లిటరల్లీ అనాలి, ఆ మాత్రం తెలీదా" అన్నాడు. నా ఫ్రెండేమో "డిక్షనరీలో రెండు అర్థాలూ ఉన్నాయిరా, నీ తప్పేం లేదు" అంటున్నాడు. ఎవరి మాట నమ్మాలి?

అరసున్న:
మీ మేనేజర్ గారి మాటే నమ్మండి. ముప్పై ఏళ్ళు ప్రూఫులు దిద్దిన అనుభవంతో చెబుతున్నాను. లిటరల్లీ అంటే ఉన్నది ఉన్నట్టు, అలంకారాలూ అతిశయోక్తులూ లేకుండా, రాసిన మాటకి ఏ అర్థముందో అదే అర్థంలో అని. మంటలు లేనప్పుడు మంటలున్నాయని చెప్పడం అతిశయోక్తి, సరే పోనీ, మనుషులన్నాక అంటారు. దానికి ముందు "ఇది అతిశయోక్తి కాదు సుమా" అనే మాట తగిలిస్తే అది అబద్ధం కాక ఏమవుతుంది? ఈ మాటని ఇలా అడ్డదిడ్డంగా వాడటం చూస్తే నాకు నిజంగా ఒళ్ళు మండిపోతుంది. ఇదంతా ఈ పదేళ్ళలో సోషల్ మీడియాలో పుట్టిన రోగం.

మూడోబెంచీ:
నో ఫైర్ సారీ చదివి నేను లిటరల్లీ చచ్చిపోయా

అరసున్న:
చూశారా. చచ్చిపోయినవాడు టైపు చేస్తున్నాడు.

గళ్ళనుడి:
అరసున్న గారూ, మిగతా సంగతి తర్వాత మాట్లాడుకుందాం కానీ "ఈ పదేళ్ళలో పుట్టిన రోగం" అన్న ముక్క మాత్రం ఒప్పుకోలేను. ఆ రోగానికి రెండున్నర శతాబ్దాల వయసుంది.

మొదటి నుంచీ చెప్తాను, కాస్త పొడుగవుతుంది. లాటిన్లో లిట్టెరా అంటే అక్షరం. దాన్నుంచి లిటరల్ అనే విశేషణం పుట్టి పాత ఫ్రెంచి మీదుగా 14వ శతాబ్దం చివర్లో ఇంగ్లీషులోకి వచ్చింది. అప్పట్లో దాంతో ఎక్కువ పని బైబిలు వ్యాఖ్యానాల్లోనే. ఒక వాక్యానికి పైకి కనిపించే అర్థం ఒకటుంటుంది, లోపల గూఢార్థం ఇంకోటి ఉంటుంది కదా, ఆ పైకి కనిపించేదాన్ని లిటరల్ అర్థం అనేవాళ్ళు. దానికి ఎల్, వై తగిలించి చేసిన మన క్రియావిశేషణం 1530లలో కనబడుతుంది. మనం "అక్షరం పొల్లు పోకుండా" అంటామే, ఆ అర్థంలో.

తర్వాత ఏమైందంటే, ఆ మాట మెల్లగా వత్తి పలకడానికి పనికొచ్చేదిగా మారింది. ఇంగ్లీషు కవి డ్రైడెన్ 1687 నాటి కవితలో "రోజువారీ రొట్టె కోసం లిటరల్లీ వేడుకోవడమే" అనే అర్థం వచ్చే పాదం ఒకటుంది. రోజువారీ రొట్టె అనేది క్రైస్తవుల ప్రార్థనలో అందరూ అలవాటుగా అనేసే మాట. అది ఇక్కడ ఉత్త మాట కాదు, నిజంగా అదే పరిస్థితి అని నొక్కి చెప్పడానికి లిటరల్లీ వాడాడు. అక్కడిదాకా మీ లెక్క ప్రకారం కూడా ఒప్పే. ఆ పైన 1769లో ఫ్రాన్సెస్ బ్రూక్ అనే రచయిత్రి తన నవల్లో, అందగత్తెల మధ్యకి వచ్చిపడిన ఒక అదృష్టవంతుడి గురించి చెబుతూ ఇది "లిటరల్లీ లిల్లీపూల మధ్య మేయడమే" అని రాసింది. లిల్లీ పూలూ లేవు, మేసినవాడూ లేడు. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ ఈ వాడుకకి చూపించే మొదటి ఉదాహరణ అదే.

ఆ తర్వాత రాసినవాళ్ళూ చిన్నవాళ్ళేం కాదు. మార్క్ ట్వేన్ 1876లో తన నవల్లో టామ్ సాయర్ అనే కుర్రాడు "లిటరల్లీ" సంపదలో దొర్లాడని రాశాడు. ఐర్లండ్ రచయిత జాయిస్ 1914 నాటి కథల పుస్తకంలో ఒక కథ మొదటి వాక్యంలోనే, పనమ్మాయికి "లిటరల్లీ" కాళ్ళు నేలమీద ఆనట్లేదు అన్నట్టుగా మొదలుపెడతాడు. సర్వర్‌గోల గారూ, మీరు మంచి జట్టులోనే ఉన్నారు.

సర్వర్‌గోల:
ఈ పోస్టు ప్రింట్ తీసి మేనేజర్ టేబుల్ మీద పెట్టొచ్చా

గళ్ళనుడి:
వద్దు. ఉద్యోగం ముఖ్యం.

అరసున్న:
పెద్దవాళ్ళు చేసినంత మాత్రాన తప్పు ఒప్పయిపోతుందా? ఇంకో సంగతి, జాయిస్ ఆ వాక్యాన్ని తన గొంతుతో రాయలేదు, ఆ పనమ్మాయి ఎలా మాట్లాడుతుందో ఆ ధోరణిలో రాశాడు. అది వాడుకని మెచ్చుకోవడం కింద లెక్క కాదు.

మీరు ఒక వైపే చూపిస్తున్నారు. అమెరికా రచయిత ఆంబ్రోస్ బియర్స్ 1909లో తప్పుల మీద ఒక చిన్న పుస్తకం వేసి అందులో దీన్నీ ఉతికేశాడు. అతిశయోక్తి చెప్పడమే బాగోదు, పైగా అది నిజమని సాక్ష్యం చెప్పడం భరించలేం అన్నాడాయన. నేను పైన చెప్పిందీ అదేనని గమనించగలరు. 1926లో ఇంగ్లీషు వాడుక మీద పుస్తకం రాసిన ఫౌలర్ కూడా అదే పాట. ఏ మాటని కాదు కాదు అని తోసిపుచ్చాలో సరిగ్గా ఆ మాటనే తెచ్చి వాక్యంలో కూర్చోబెడుతున్నాం అని వాపోయాడు.

గళ్ళనుడి:
జాయిస్ విషయంలో మీరు చెప్పింది కరెక్టే, ఒప్పుకుంటున్నా. ఆ అమ్మాయి గొంతే అది.

కానీ బియర్స్ తిట్టిన ఆ 1909లోనే వెబ్‌స్టర్ వాళ్ళ పెద్ద డిక్షనరీ "అతిశయోక్తిగా తరచు వాడతారు" అని రాసి, అతను లిటరల్లీ ఎగిరిపోయాడు అని ఉదాహరణ కూడా ఇచ్చింది. అంతకు ముందే 1903లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు కూడా ఈ వాడుకని చెప్పారు, కాకపోతే "సరికాని వాడుక" అని పక్కన ఒక చురక వేసి. తర్వాత ఆ ఎంట్రీని తిరగరాసింది 2011లో. రెండేళ్ళపాటు ఎవరూ పట్టించుకోలేదు. 2013 ఆగస్టులో ఎవరో చూసి బయటపెడితే "డిక్షనరీ చేతులెత్తేసింది, ఇంగ్లీషు చచ్చిపోయింది" అని పేపర్లన్నీ గోల. సర్వర్‌గోల గారి ఫ్రెండు ఎక్కడో చదివింది ఆ గోల తాలూకు ముక్కే అయ్యుంటుంది.

మూడోబెంచీ:
ఆగండాగండి. అంటే ఒకే మాటకి పూర్తిగా ఉల్టా అర్థాలు రెండున్నాయా? లిటరల్లీ అంటే లిటరల్లీ అనీ, లిటరల్లీ కాదు అనీనా? ఇదెక్కడి న్యాయం

సబ్‌టైటిల్‌సుబ్బి:
అందరూ పొరబడేది ఇక్కడే తమ్ముడూ. ఇంగ్లీషు సినిమాలకి తెలుగు సబ్‌టైటిల్స్ రాయడం నా పని, రోజుకి కనీసం పాతిక లిటరల్లీలు నా చేతి కిందనుంచి పోతాయి కాబట్టి చెప్తున్నా. "అలంకారంగా" అనే అర్థంలో ఆ మాటని ఎవరూ వాడరు. నువ్వు పైన "లిటరల్లీ చచ్చిపోయా" అన్నావు కదా. అందులో లిటరల్లీ తీసేసి "ఫిగరేటివ్లీ చచ్చిపోయా" అని పెట్టి చూడు. జోక్ చచ్చిపోయింది. నీ ఉద్దేశం "నేను అలంకారంగా చచ్చాను, గమనించగలరు" అని చెప్పడం కాదుగా, "మామూలుగా కాదు, మహా నవ్వొచ్చింది" అని చెప్పడం. అలంకారం ఉన్నది చచ్చిపోవడంలో. లిటరల్లీ దాన్ని ఇంకాస్త ఎగదోస్తుంది, అంతే. డిక్షనరీలు చెప్పేదీ ఇదే, వత్తి చెప్పడానికి వాడతారని. "ఉల్టా అర్థం" అన్నది పేపర్ల వాళ్ళు హెడ్డింగ్ కోసం తిప్పిన మాట.

నేను దాన్ని తెలుగులోకి ఎలా తెస్తానో చెప్తాను, దాంతో సంగతి ఇంకా తేలుతుంది. పాత్ర నిజం చెబుతుంటే "నిజంగానే", "అచ్చంగా", లేకపోతే "అక్షరాలా". ఊపు కోసం అంటుంటే చాలాసార్లు "ఏకంగా" అతికినట్టు సరిపోతుంది. "వాడు ఏకంగా గాల్లో తేలిపోయాడు." ఇందులో ఏకం ఎక్కడుంది, అర్థం ఎక్కడుంది, ఉన్నదంతా ఊపే. టీనేజి పిల్లల పాత్రలైతే ప్రతి వాక్యంలోనూ ఉంటుంది కాబట్టి సగం సార్లు వదిలేస్తా, స్క్రీను మీద రెండు లైన్లకి మించి చోటుండదు. ఒకసారి ఒక సీన్లో డాక్టరు పాత్ర "హిస్ హార్ట్ లిటరల్లీ స్టాప్డ్" అంటే, అలవాటు కొద్దీ "గుండె ఆగినంత పనైంది" అని రాసేశా. తర్వాతి సీన్లో ఆ పేషెంటుకి షాక్ ఇచ్చి బతికిస్తున్నారు. చెక్ చేసేవాళ్ళు పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది, లేకపోతే గుండె ఆగనివాడికి షాక్ ఎందుకని చూసేవాళ్ళు తల గోక్కునేవాళ్ళు.

సర్వర్‌గోల:
నాది రివర్సు కేసు అన్నమాట. మీరు నిజాన్ని మాటవరస అనుకున్నారు, వాళ్ళు మాటవరసని నిజం అనుకున్నారు.

టీచరమ్మ:
చర్చ బాగుంది, కానీ ప్రశ్న వేసిన బాబుకి రేపు పొద్దున ఏం రాయాలో ఇంకా ఎవరూ చెప్పలేదు. ఇంగ్లీషు పాఠం చెప్పేదాన్ని, నాకు తెలిసింది చెప్తాను.

ఒక వాక్యం రాశాక అందులో లిటరల్లీ తీసేసి చూడండి. చదివేవాడికి ఏమీ తేడా పడకపోతే ఆ మాట అక్కడ అనవసరం. తీసేస్తే వాడు మాటవరస అనుకునే ప్రమాదం ఉందా? అప్పుడు ఉంచండి, దాని అసలు ఉద్యోగం అదే. "ఆ ఫైల్ నా చేతిలోంచి జారిపోయింది" అంటే అవకాశం పోయిందేమో అనుకుంటారు, కాగితాల కట్టే కిందపడి ఉంటే అక్కడ లిటరల్లీ పెట్టడం న్యాయం. "అతను తలుపు దాకా వచ్చి వెనక్కి తగ్గాడు" అన్నా అంతే, మనసు మార్చుకున్నాడా, నిజంగా గడప దగ్గర్నుంచి వెనక్కి అడుగేశాడా? రెండర్థాలకీ చోటున్న చోట ఆ మాట బంగారం. ఒకే అర్థానికి వీలున్న చోట ఉత్త బరువు.

సర్వర్లకి నిప్పంటుకోవడం జరగగల పనే కదా బాబూ, అందుకే మీ మెయిల్ వాళ్ళని భయపెట్టింది. అదే "మా బుర్రలు లిటరల్లీ పేలిపోతున్నాయి" అని రాసుంటే ఎవరూ ఫైర్ సర్వీస్‌ని పిలవమనేవాళ్ళు కాదు, ఎందుకంటే అలా జరగదని అందరికీ తెలుసు. అరసున్న గారు అన్ని వాడుకల్నీ ఒకే గాటన కట్టేస్తున్నారు కానీ అసలు చిక్కు ఇక్కడే ఉంది. జరగని దాని ముందు పెడితే మహా అయితే చదివేవాడికి చిరాకు. జరగగల దాని ముందు పెడితే గందరగోళం.

మాట్లాడేటప్పుడు మీ ఇష్టం, మొహం చూస్తే, గొంతు వింటే తెలిసిపోతుంది. మెయిల్‌కి మొహం ఉండదు. ఆఫీసు రాతలో, పరీక్షలో, రిపోర్టులో అసలు అర్థంలోనే వాడండి. దిద్దేవాళ్ళలో అరసున్న గారి లాంటివాళ్ళు సగం మంది ఉంటారు, వాళ్ళతో మనకెందుకు.

అరసున్న:
అమ్మా, ఇది పొగడ్తా తిట్టా?

టీచరమ్మ:
రెండూనండీ. లిటరల్లీ.

బ్యాక్‌లాగ్‌బాబు:
మధ్యలో దూరుతున్నా, దీన్ని ఎలా పలకాలి? మా టీమ్‌లో ఒక్కొక్కరు ఒక్కోలా అంటారు. స్పెల్లింగులో టీ ఒకటా రెండా?

టీచరమ్మ:
టీ ఒకటే. లెటర్ అనే మాటలో రెండు టీలుంటాయి కాబట్టి, రెండూ ఒకే చోటు నుంచి వచ్చినవి కాబట్టి, పిల్లలు ఇందులోనూ రెండు వేస్తుంటారు. చివర మాత్రం ఎల్‌లు రెండు, లిటరల్ అన్నదానికి ఎల్-వై చేరింది కదా. పలకడం బ్రిటన్ వాళ్ళలో చాలామంది మధ్యలో ఒక అచ్చు మింగేసి "లిట్రలీ" అంటారు, అమెరికా వాళ్ళ నోట్లో ఆ ట కాస్తా మెత్తబడి "లిడరలీ" అన్నట్టు వినబడుతుంది. మన నోటికి "లిటరల్లీ" అని లకారం వత్తడం అలవాటు. ఎలా అన్నా అర్థమవుతుంది, మథనపడకండి.

గళ్ళనుడి:
ఇప్పుడు నేను దాచుకున్న ముక్క. అరసున్న గారు నొచ్చుకోకూడదు.

సుబ్బి గారు "అక్షరాలా" అన్నారు చూశారా, అక్కడ ఒక్క క్షణం ఆగండి. లిట్టెరా అంటే అక్షరం, లిటరల్లీ అంటే అక్షరాలా. వాళ్ళ మాట చూసి మనం చేసుకున్నదో, ఎవరికి వాళ్ళం చేసుకున్నదో ఆ చర్చ పక్కన పెడదాం, కట్టుబడి మాత్రం ఒకటే. రసీదు మీద అంకె వేసి పక్కన "అక్షరాలా" అని రాస్తామే, అంకెల్లో కాదు అక్షరాల్లో అని, అది మొదటి మెట్టు. "ఆయన చెప్పింది అక్షరాలా నిజం", ఇది రెండో మెట్టు. "అక్షరాలా ఆరు గంటలు నిలబడ్డా", ఇది వత్తు. ఇక "ఆ నెలరోజులూ అక్షరాలా నరకం చూశాం". నరకం ఎవరు చూశారండీ? లిటరల్లీ ఎక్కిన మెట్లన్నీ మన మాటా ఎక్కింది. ఒక్క తెలుగువాడు కూడా దీని మీద పత్రికలకి ఉత్తరం రాసినట్టు నేను చూడలేదు.

"సాక్షాత్తూ" కూడా అంతే. సంస్కృతంలో దానర్థం కళ్ళెదుట, కంటికి కనబడేట్టు. మనం "ఆవిడ సాక్షాత్తూ సరస్వతీదేవే" అంటాం. కంటితో చూసిన సాక్ష్యం చెప్పే మాటని తెచ్చి ఎవరూ చూడనిదాని పక్కన పెట్టాం.

అసలు నిజానికి పూచీ పడే మాట ఏ భాషలోనైనా ఎక్కువకాలం నిజానికే కట్టుబడి ఉండదు. ఇంగ్లీషు "వెరీ" ఉంది కదా, పాత ఫ్రెంచిలో దానర్థం నిజమైన అని. 14వ శతాబ్దపు ఇంగ్లీషు కవి చాసర్ కాలంలో వెరీ నైట్ అంటే నిజమైన వీరుడు. ఇప్పుడు వెరీ అంటే "చాలా", అంతే, నిజం ఆనవాలు కూడా లేదు. "రియల్లీ" సంగతీ అదే. రియల్లీ నవ్వొచ్చింది అంటే ఆ నవ్వు నిజమా నకిలీయా అని ఎవరూ అడగరు. లిటరల్లీ ఆ వరసలో వెనకాల నిలబడింది, దాని వంతు ఇంకా పూర్తి కాలేదు, అందుకే అది కళ్ళలో పడుతోంది.

ఇక అసలు విషయానికి వస్తాను. అరసున్న గారు తన మొదటి పోస్టులో "నాకు నిజంగా ఒళ్ళు మండిపోతుంది" అని రాశారు. నిజంగా.

మూడోబెంచీ:
నో ఫైర్ సారీ

సబ్‌టైటిల్‌సుబ్బి:
అందరూ బయటికి వచ్చేశారా?

అరసున్న:
నవ్వండి నవ్వండి. వెనక్కి వెళ్ళి చదువుకున్నాను, రాసింది నేనే, కాదనను. ఎడిట్ చేద్దామని చూస్తే టైము దాటిపోయిందట, అదొకటి.

ఒకమాట అంటాను. "ఒళ్ళు మండడం" జాతీయం. దానిలో మంట ఎప్పుడో ఆరిపోయింది, వినేవాడికి కోపం తప్ప నిప్పు గుర్తు రాదు. "నిజంగా" అన్నది ఆ కోపానికి. కోపం నిజమే. ఆ లెక్కన నా వాక్యంలో అబద్ధం లేదు.

గళ్ళనుడి:
మాస్టారూ, సర్వర్‌గోల గారు చెప్పేదీ అచ్చంగా అదే. ఆన్ ఫైర్ అన్నది జాతీయం, లిటరల్లీ అన్నది ఆయన టెన్షన్‌కి.

అరసున్న:
ఊ.

ఆయన టెన్షన్‌ని నేను కాదనడం లేదు. కానీ ఒక తేడా ఉంది. "నిజంగా" అన్న మాట అరిగిపోయినా మనకి నిజం చెప్పడానికి ఇంకా నాలుగు మాటలున్నాయి. లిటరల్లీ అరిగిపోతే, "ఇది మాటవరస కాదు" అని ఒకే ముక్కలో చెప్పడానికి ఇంగ్లీషువాడికి ఏం మిగులుతుంది? గుండె ఆగినవాడి గురించి ఆ డాక్టరు ఏ మాట వాడాలి? పాతికేళ్ళ తర్వాత ఎవరైనా నిజంగా మంటల్లో ఉండి అదే మెయిల్ కొడితే అవతలి వాళ్ళు నవ్వుకుని ఊరుకుంటారు. నా బాధంతా అది, మాట మీద మడి కట్టుకుని కూర్చోవడం కాదు.

టీచరమ్మ:
ఈ ఒక్క పోస్టు మాత్రం నేను పిల్లలకి చదివి వినిపిస్తాను.

సబ్‌టైటిల్‌సుబ్బి:
అరిగిపోదండీ అంత తొందరగా. రెండున్నర శతాబ్దాల నుంచీ అరుగుతూనే ఉందిగా, అయినా సర్వర్‌గోల గారి క్లయింట్లు మొదట అసలు అర్థంలోనే తీసుకున్నారు. పైగా నాటకీయంగా చెప్పాలన్నా దానికి అసలు అర్థం బతికి ఉండాలి, లేకపోతే ఊపు ఎక్కణ్ణుంచి వస్తుంది?

గళ్ళనుడి:
సంబంధం లేదు గానీ, మళ్ళీ మర్చిపోతానని రాస్తున్నా. ఇంగ్లీషులో ఆబ్లిటరేట్ అంటే ఆనవాలు లేకుండా తుడిచేయడం, అందులో ఉన్నదీ ఆ లిట్టెరానే, అక్షరాలు చెరిపేయడం అని. మన అక్షరానికేమో నాశనం లేనిది అని అర్థం. ఒకళ్ళు చెరిపేదాన్ని చూసి మాట చేశారు, ఒకళ్ళు చెరగనిదాన్ని చూసి.

బ్యాక్‌లాగ్‌బాబు:
ఇది ఎక్కడైనా వాడుకుంటా, థాంక్స్

సర్వర్‌గోల:
అప్‌డేట్. ఇందాకే ఆ గొడవ మీద క్లయింటుతో కాల్ అయింది. వాళ్ళు ముందే ఒక ఫారం పంపారు, ఏం జరిగింది, ఎప్పుడు మొదలైంది, ఎందుకు అని. మొదటి కాలమ్‌లో మా టీమ్ లీడ్ ఉన్న విషయం రాశాడు, ట్రాఫిక్ పెరిగింది, మెమరీ నిండింది, సర్వర్లు పడిపోయాయి అని. కింద "ఫైర్ సేఫ్టీ సమాచారం" అని ఇంకో పేజీ ఉంది. అది వాళ్ళ రూల్ అట, మెయిల్లో ఫైర్ అన్న మాట వస్తే ఆ పేజీ దానంతటదే జోడైపోతుందట. మంట ఎక్కడ మొదలైంది, ఎంత సేపు ఉంది, ఎవరు ఆర్పారు, మొత్తం పద్నాలుగు ప్రశ్నలు. పద్నాలుగింటికీ "వర్తించదు" అని నా చేతే రాయించారు, కింద సంతకంతో సహా.

కాల్ చివర్లో ఆ సెక్యూరిటీ హెడ్ "నెక్స్ట్ టైమ్, జస్ట్ సే డౌన్" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు లెండి.

మూడోబెంచీ:
అన్నా, "యాక్చువల్లీ" మీద కూడా ఇలాంటిదే నాకో డౌటుంది

అరసున్న:
దానికి వేరే టాపిక్ తెరువు నాయనా. నేను కాసేపు నీళ్ళు చల్లుకుని వస్తాను.